ఆరు మాటల అరబ్బీ

ఆ రోజుల్లో మలాయా కొబ్బరి తోటల్లో చదువుకున్నవాడు అనిపించుకోవడానికి పరీక్షలేవీ పాసవనక్కర్లేదు. ఎవరైనా కాగితం చేతికిస్తే దాన్ని తలకిందులుగా పట్టుకోకుండా ఉంటే చాలు, వాడు చదువరి. పైకి చదివి వినిపిస్తే పండితుడు. చదివినదాని మీద ఒక అభిప్రాయం కూడా చెప్పాడంటే ఇంక ఆ లయన్లలో (కూలీల ఇళ్ల వరసల్ని మేం అలా అనేవాళ్లం) అతని మాటకి తిరుగుండేది కాదు. పద్దెనిమిదేళ్లు నిండేసరికి నేను ఈ మూడు మెట్లూ ఎక్కేశాను. మొదటి రెండూ కష్టపడే ఎక్కానని ఇప్పటికీ చెప్పగలను. మూడోదానికి కష్టం అవసరమని అప్పట్లో నాకు తోచలేదు.

మాది బాగన్ దాతుక్ దగ్గర సముద్రానికి ఆనుకున్న తోట. మా అయ్య అక్కడ కాయలు ఒలిచేవాడు. నేలలో పాతిన గునపం మీద కాయని గుచ్చి మూడు తిప్పుల్లో పీచు ఊడదీసేవాడు. తెలుగూ అరవమూ నాకు తోట బడిలో వచ్చాయి. ఇంగ్లీషు తోట ఆస్పత్రిలో కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సరుగారి దగ్గర వచ్చింది. ఆయన దగ్గర ఎవరో దొర వదిలేసి వెళ్లిన విజ్ఞాన సర్వస్వం మొదటి సంపుటం ఉండేది. మిగతా సంపుటాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆ ఒక్కదాన్నీ నేను అట్ట నుంచి అట్ట దాకా రెండుసార్లు చదివాను. అది ఇంగ్లీషు మొదటి అక్షరంతోనే అయిపోయింది కాబట్టి ఆఫ్రికా, అమెరికా, ఆల్జీబ్రా, అరేబియా, వీటి గురించి నన్ను ఎవరూ ఓడించలేకపోయేవారు. చైనా గురించి అడిగితే మాత్రం మాట మార్చేవాణ్ణి. ఇది చాలదన్నట్టు, మమ్మల్ని పడవలో ఏరు దాటించే మలాయి ఆయన ఖాళీ వేళల్లో ఒడ్డు బురద మీద పుల్లతో గీసి నాకు జావీ నేర్పాడు. జావీ అంటే మలాయి భాషని అరబ్బీ అక్షరాలతో, కుడి నుంచి ఎడమకి రాసే పద్ధతి. బురద మీద నేర్చుకున్నాను కాబట్టి జావీ పుస్తకం గానీ పేపరు గానీ నేను ఒక్కసారి కూడా చేత్తో పట్టుకుని ఎరగను. ఈ చిన్న సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. నేనే గుర్తుపెట్టుకోలేదు.

అలాంటి నన్ను ఇపో పట్నంలో రైల్వే పని చేసే మా మావయ్య తన దగ్గరికి పిలిపించుకున్నాడు. ఊళ్లో పెద్దలు కొందరు కలిసి నడిపే చదువుల గదిలో (నలుగురూ వచ్చి పేపర్లు చదువుకునే చోటు) సహాయకుడి పని ఖాళీగా ఉందట. నేను బయల్దేరే రోజు పొద్దున్న అయ్య తన గునపాల్లో చిన్నదాన్ని తీసి, నూనె రాసి, గోనెపట్టాలో చుట్టి చూరులో దోపాడు.

"ఇది నీది. ఆ ఉజ్జోగం నిలబడిందా, ఇంకెవులికైనా ఇచ్చెస్తాను. నిలబడలేదా, వచ్చీ. కాయలు ఎక్కడికీ పోవు" అన్నాడు. బెదిరించడం మా అయ్యకి చేతకాదు. ఉన్న సంగతే చెప్పాడు. ఇపో దాకా ఆ నూనె వాసన నా ముక్కుని వదల్లేదు.

చదువుల గది అధికారి సిలోనులోని యాళ్పాణం నుంచి వచ్చిన తమిళాయన. జేబులోంచి గొలుసు గడియారం తీసి చూసుకోకుండా ఏ వాక్యమూ ముగించరు కాబట్టి ఊరంతా ఆయన్ని గడియారం సారు అనేది. ఏయే భాషలు వచ్చని అడిగారు. తెలుగు, అరవం, ఇంగ్లీషు, మలాయి అని వేళ్లు ముడిచి, ఇంకో వేలు మిగిలిపోయింది కదా అని "జావీ కూడా సార్" అన్నాను.

"జావీ అంటే అరబ్బీ అక్షరాలు గదా?"

"అక్షరాలేమిటి సార్, అరేబియా గురించి ఏదడిగినా చెబుతాను" అని, ఆయన అడక్కుండానే ఆ దేశపు గుర్రాల జాతులూ, ఖర్జూరం కాపు కాసే నెలలూ అప్పజెప్పేశాను. ఆయన గడియారం రెండుసార్లు చూసుకున్నారు.

"చాలు తంబీ. మూడు నెలలు చూస్తాం. ఆ తర్వాత కమిటీ ఇష్టం" అన్నారు.

నా మొదటి పని పేపర్లకి కర్రలు తొడగడం. ఇప్పటి పిల్లలకి ఇది తెలియదు కాబట్టి చెబుతాను. గజం పొడుగు కర్ర, నిలువునా చీలిక. పేపరు మడత అంచుని ఆ చీలికలో దూర్చి, కొసని ఉన్న ఇత్తడి రింగు బిగిస్తే ఇంక పేజీలు చెదరవు, ఎవరూ ఎత్తుకుపోలేరు. చదివేవారు కర్ర పట్టుకుని జెండాలా మోసుకెళ్లి, కూర్చుని పేజీలు తిప్పుకుని, మళ్లీ గోడ మేకుకి తగిలించాలి. నాలుగు రోజుల్లో నాకు ఆ పని ఎంత పట్టుబడిందంటే కళ్లు మూసుకుని తొడిగేవాణ్ణి. (నిజంగానే ఒకసారి మూసుకుని తొడిగాను, మావయ్యకి చూపించడానికి.)

మా గదికి జావీ పేపర్లు వచ్చేవి కావు. మలాయివాళ్లు వాటిని కోపీ కడైలోనే (కాఫీ కొట్టులో) చదివించుకుని వినేవారు. కానీ వారానికొకటి కైరో నుంచి అరబ్బీ పేపరు వచ్చేది. ఆ ఏర్పాటు చేసినవారు అత్తరు సాయిబుగారు. మసీదు వీధిలో అత్తర్లూ జపమాలలూ ఖర్జూరాలూ అమ్మే అరబ్బు పెద్దమనిషి. తెల్లటి గడ్డం, తెల్లటి అంగీ, ఆయన వీధిలో నడిస్తే ముందు వాసన వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవారు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కైరో పేపరుని గంటసేపు ముందర పెట్టుకుని, మధ్యమధ్య తలూపి, లేచి వెళ్లేవారు. ఆయన ఉన్నంతసేపూ గదిలో దగ్గడానికి కూడా జనం మొహమాటపడేవారు. ఆ పేపరు నేను చేతిలోకి తీసుకున్న మొదటిరోజే, పత్రిక పేరు ముందుకి కనపడేలా పెట్టి, మిగతా అన్నిటికీ తొడిగినట్టే ఎడమ పక్కన కర్ర తొడిగి, విలువైన సరుకు కదా అని రింగు రెండు చుట్లు ఎక్కువ బిగించి మేకుకి తగిలించాను.

రెండోవారం గడియారం సారు నన్ను పిలిచారు.

"తంబీ, కైరో పేపరు ఒక్క మనిషే చదువుతున్నాడని కమిటీలో ఎవరో అన్నారు. నీకు వచ్చు గదా. శుక్రవారం పొద్దున్న గుమ్మం దగ్గర పలక మీద ఐదు వార్తలు ఇంగ్లీషులో రాయి. పైన 'కైరో కబుర్లు' అని పెట్టు."

నాకు రాదు సార్ అని చెప్పడానికి అదే సరైన సమయం. నోరు తెరిచాను కూడా. బయటికి మాత్రం "అలాగే సార్" అని వచ్చింది.

ఆ సాయంత్రం పేపరు ముందు కూర్చున్నాను. అక్షరాలు గడగడా వచ్చేశాయి. పైకి చదువుతుంటే నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది. అర్థం మాత్రం రాలేదు. చెవులు రిక్కించి వెతగ్గా వెతగ్గా ముందు పేజీ మొత్తం మీద ఆరు మాటలు దొరికాయి: ఖబరు, దునియా, వకీలు, హుకుం, కుర్చీ, కితాబు. ఇవి మలాయిలోనూ ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. ఇన్ని దేశాలు తిరిగిన మాటలు నన్ను మోసం చేస్తాయా అనిపించింది. ఒక వకీలు ఉన్నాడు, ఒక హుకుం ఉంది, ఒక కుర్చీ ఉంది. ఇంకేం కావాలి? 'కైరోలో ప్రముఖ వకీలుకి ఉన్నత పీఠం, వెంటనే ఎక్కవలసిందిగా ఉత్తరువు' అని రాసేశాను. మిగతా నాలుగు వార్తలకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారేసరికి ఉపాయం దొరికింది. అది తట్టినందుకు నన్ను నేను చాలాసేపు మెచ్చుకున్నాను. కైరో పేపరు ఓడలో మా దగ్గరికి రావడానికి మూడు వారాలు పడుతుంది. అదే సంగతులు తంతి మీద ఇంగ్లీషు పేపర్లకి ఆ రోజే వచ్చేస్తాయి. అంటే కైరో పేపర్లో ఏముందో తెలియాలంటే మూడు వారాల కిందటి ఇంగ్లీషు పేపర్లు తిరగేస్తే చాలు! నైలు నదికి వరద, సూయజ్ కాలవలో ఇసుకలో కూరుకుపోయిన ఓడ, పత్తి పంటకి పురుగు, అన్నీ దొరికాయి. వాటిని కొంచెం బరువైన ఇంగ్లీషులోకి మార్చి పలక నింపేవాణ్ణి. ఒకవారం కైరో పేపరు ముందు పేజీలో ఎర్రటోపీ పెట్టుకున్న (టోపీ నల్లగానే అచ్చయింది, ఎరుపు నా ఊహ) ఒక లావుపాటి మీసాలాయన బొమ్మ పడింది. మూడు వారాల కిందటి ఇంగ్లీషు పేపర్లో కైరోలో మంత్రివర్గం మారుతుందన్న ముక్క ఉంది. రెండూ కలిపాను. 'కొత్త మంత్రిగారి పదవీ స్వీకారం, బొమ్మ గదిలోపల చూడుడు' అని రాశాను.

నా భయమంతా అత్తరు సాయిబుగారి గురించే. ఆయన ప్రతివారం లోపలికి వచ్చే ముందు పలక దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకుని, ఐదు వార్తలూ చదివేవారు. (ఇంగ్లీషు ఆయనకి బాగా వచ్చు, పెనాంగులో చదువుకున్నారు.) తర్వాత లోపలికొచ్చి అసలు పేపరు పట్టుకునేవారు. ఎప్పుడు తల ఎత్తి 'ఇది ఎవడు రాశాడు' అంటారా అని నేను బల్లలు తుడిచినచోటే తుడుస్తూ నిలబడేవాణ్ణి. మంత్రిగారి వారం ఆయన లేచి నా వైపే వచ్చారు.

"అనక్," అన్నారు (మలాయిలో బిడ్డా అని), "పలక నువ్వే రాస్తున్నావా?"

"అవును తువాన్" (అయ్యగారూ అని).

"ఆ మంత్రి తండ్రి మాకు తెలుసు. మంచి వంశం. బాగా రాశావు."

నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఆయన చెయ్యి పడినచోట సాయంత్రం దాకా మల్లెపూల వాసన. నేను నిలబడి ఆలోచించాను. అరబ్బీ వచ్చిన పెద్దమనిషి అసలు పేపరు చదివి నేను రాసింది నిజమని చెప్పాడు. అంటే నాకే తెలియకుండా నాకు అరబ్బీ వచ్చేస్తోందన్నమాట! ఆ తర్వాత వారం నుంచి మూడు వారాల కిందటి పేపర్లు కొంచెం తక్కువ చూసి, నా లోపలి అరబ్బీని కొంచెం ఎక్కువ నమ్మడం మొదలుపెట్టాను.

ఇంట్లో నా గౌరవం చెప్పక్కర్లేదు. మావయ్య కోపీ కడై నుంచి వస్తూనే గుమ్మంలో మొదలుపెట్టేవాడు.

"ఏటే, ఇన్నావా? మన గుంటడు రాసిందే ఆ అత్తరు సాయిబు నలుగుర్లో కూకొని సెబుతున్నాడు! ఈజిప్టు మంత్రి ఆళ్లకి సుట్టమంట!"

"ఆడికి అన్నీ వచ్చు లా," అనేది అత్త (ఆ 'లా' మలాయి మాటతీరు), చేపల పులుసు కలుపుతూ. "ఆ నేర్పేదో గిన్నిలు తోమడం కూడా నేరిపితే బాగుణ్ణు."

"నవ్వకే. మూణ్ణెల్లు అయిపోతున్నాయి. బావకి ఉత్తరం రాసెస్తాను, గునపం ఎవులికైనా ఇచ్చీమని."

"ఇప్పుడే వద్దు మావయ్యా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఎంత నమ్మినా మనిషి లోపల ఎక్కడో ఒకచోట ఉన్న సంగతి ఉన్నట్టే ఉంటుంది కాబోలు.

మూడో నెల ఆఖరి శుక్రవారం కమిటీ వాళ్లు వస్తారని ముందే తెలుసు. తెలియంది ఏమిటంటే, వాళ్లతో పాటు అత్తరు సాయిబుగారు ఒక అతిథిని వెంటబెట్టుకుని వచ్చారు. కైరోలో ఆరేళ్లు చదివి ఆ నెలే తిరిగొచ్చిన మలాయి గురువు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద ఉంటాడేమో, సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఇపోలో కైరో పేపరు దొరుకుతుందంటే నమ్మలేక చూడ్డానికి వచ్చాడట. సాయిబుగారికి ఆయన్ని తీసుకురావడం ఇష్టం లేదనీ, మసీదులో జనమంతా పట్టుబడితే తీసుకురాక తప్పలేదని నాకు తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో మాత్రం సాయిబుగారి ముఖం నా ముఖంలాగే పాలిపోయి ఉందని గమనించాను, కారణం తోచలేదు.

గడియారం సారు గర్వంగా అతిథికి పలక చూపించి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, కర్రతో సహా కైరో పేపరు చేతికిచ్చారు. గురువుగారు ముందు పేజీ ఆప్యాయంగా చదువుకున్నారు. తర్వాత పేజీ తిప్పబోయారు. పేజీ రాలేదు. కర్రని అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఆఖరికి పేపరుని పైకెత్తి, కింది నుంచి సంచీలోకి తొంగిచూసినట్టు లోపలికి చూశారు.

"దీన్ని ఎవరు మూసేశారు?" అన్నారు మలాయిలో, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని.

"మూయడం ఏమిటి?" అన్నారు సారు.

గురువుగారు రింగు వదులు చేశారు (రెండు చుట్లు ఎక్కువ బిగించానని చెప్పాను గదా, చాలాసేపు పట్టింది). కర్ర లాగేసి, పేపరుని బల్ల మీద పెట్టి చూపించారు. అరబ్బీ పేపరు కుడి పక్క మడత, ఎడమ పక్క తెరుచుకుంటుంది. నేను తెరుచుకునే వైపున కర్ర తొడిగి బిగించేశాను. ఒక పక్క మడత, ఇంకో పక్క కర్ర. లోపలి పేజీలు కైరోలో అచ్చయిన రోజు ఎలా ఉన్నాయో అలాగే కరకరలాడుతూ ఉన్నాయి, విప్పగానే అచ్చుసిరా వాసన గుప్పుమంది. సారు అలమరలోంచి పాత వారాలవి తీసుకొచ్చారు. ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ అంతే. మూడు నెలలుగా ఆ పేపరు లోపలి మొహం ఎవరూ చూడలేదు.

ఎర్రటోపీ మీసాలాయన దగ్గర గురువుగారు ఆగారు.

"ఇదే మా వాడు రాసిన కొత్త మంత్రి," అన్నారు సారు, ఇంకా ఒక ఆశ మిగుల్చుకుని.

గురువుగారు బొమ్మ కింది వరస చదివి, పెదవి కొరుక్కుని, "ఇది అజీర్తి పొడి ప్రకటన," అన్నారు. "ఈయన అది వాడి బాగుపడ్డాడట."

కమిటీలో ఒకాయనకి దగ్గు వచ్చింది. సారు గడియారం బయటికి తీశారు గానీ చూసుకోలేదు, అలా పట్టుకుని ఉండిపోయారు.

"తంబీ. నువ్వు ఈ పేపరు చదివావా?"

చూరులో గునపం కనపడింది నాకు. "లేదు సార్," అన్నాను. "అక్షరాలు వచ్చు. ఆరు మాటలు తెలుసు. మిగతాది మన ఇంగ్లీషు పేపర్లలోదే."

కొబ్బరి పీచుకి అరచేతులు మళ్లీ ఎన్నాళ్లలో అలవాటవుతాయా అని లెక్కవేసుకుంటున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. అత్తరు సాయిబుగారి వైపు ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తట్టలేదు కూడా. ఆయన ఊరుకుంటే సరిపోయేది. ఆయన లేచి నిలబడ్డారు.

"ఒక్క పిల్లవాణ్ణే నిలబెట్టకండి," అన్నారు. "కర్ర తప్పు తొడిగింది అతను. ఆ కర్ర పట్టుకుని పన్నెండు శుక్రవారాలు ఈ కుర్చీలో కూర్చుంది నేను. అది తెరుచుకోదని నాకూ తెలియదు."

ఆయన కళ్లజోడు తీసి అంగీకి తుడుచుకున్నారు.

"మా నాన్న అరబ్బు దేశం నుంచి వచ్చాడు. నేను పెనాంగులో పుట్టాను. నమాజు వచ్చు, ఖురాను పైకి చదవడం వచ్చు, అర్థం ఎవరూ నేర్పలేదు. జనం నన్ను చూసి ఈయనకి వచ్చు అనుకున్నారు. మొదట్లో కాదని చెప్పలేదు. తర్వాత చెప్పడానికి వీలు లేకపోయింది." నా వైపు చెయ్యి చూపించారు. "కైరో సంగతులు నాకు ఈ పిల్లవాడి పలక మీదే తెలిసేవి. మంత్రి తండ్రి తెలుసని కూడా అన్నాను."

ముందు నవ్వింది గురువుగారు. వెక్కిరింపు కాదు. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక, కళ్లు తుడుచుకుంటూ, "కైరోలో మొదటి ఏడాది నేను తరగతిలో ఒక్క ముక్క అర్థం కాక తలూపేవాణ్ణి తువాన్," అన్నారు. "మా పంతులు నన్ను చాలా తెలివైనవాడు అనుకున్నాడు." అప్పుడు దగ్గినాయన కూడా నవ్వాడు. ఆ తర్వాత నవ్వనిది నేనూ, గడియారం సారూ.

సారు ఆఖరికి గడియారం చూసుకున్నారు. "మూడు వారాల కిందటి పేపర్లు రోజూ ఎందుకు దులుపుతున్నావో అనుకునేవాణ్ణి. శుభ్రత అనుకున్నాను," అన్నారు. కమిటీ వాళ్లతో గుమ్మం దగ్గర చాలాసేపు మాట్లాడి వచ్చి, "పలక తుడిచెయ్యి. ఇంకో మూడు నెలలు చూస్తాం. రాదు అన్న మాట నీ నోటివెంట ఇవాళ మొదటిసారి విన్నాను తంబీ, అది ఇంకో రెండుసార్లు వినాలి," అన్నారు.

ఆ రెండుసార్లూ త్వరగానే విన్నారు, నాలుగో నెలలో చైనా గురించి అడిగినప్పుడు ఒకటి. ఉద్యోగం నిలబడింది. అయ్య డ్రెస్సరుగారి చేత ఉత్తరం రాయించాడు: గునపం మీ సిన్నాయనకి ఇచ్చినాను, తుప్పు పట్టలేదు.

గురువుగారు ఊళ్లో ఉన్న ఆరు నెలలూ శుక్రవారం సాయంత్రం ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఇద్దరికీ అరబ్బీ చెప్పారు. ఒక చివర అరవై ఏళ్ల అత్తరు సాయిబుగారు, ఇంకో చివర నేను. ఆయన నాకంటే శ్రద్ధగా చదివేవారు, తప్పులు నాకంటే ఎక్కువ చేసేవారు. గురువుగారు జోహోరు బదిలీ అయిపోయాక మా చదువు అక్కడే ఆగిపోయింది. నేను పన్నెండు మాటల దాకా ఎక్కి, కొన్నాళ్లకి మళ్లీ ఆరు దగ్గరికే దిగాను.

కొన్నేళ్లకి కోపీ కడైలో రేడియో పెట్టె వచ్చింది. ఒక సాయంత్రం కొట్టు యజమాని మీట తిప్పుతుంటే గరగరల మధ్య నుంచి అరబ్బీ వార్తలు వచ్చాయి. గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే పక్క వీధిలో నిలబడి చెబుతున్నట్టుంది. గ్లాసులు కింద పెట్టి అందరూ నా వైపూ, నా పక్కనున్న అత్తరు సాయిబుగారి వైపూ తిరిగారు. అలవాటు పోదు కదా.

"ఏటంటున్నాడ్రా?" అన్నాడు మావయ్య.

"తెలీదు మావయ్యా," అన్నాను. ఆ మాట అనడానికి అప్పటికి నాకు పెద్దగా కష్టం లేదు.

గొంతు ఆగిపోయి పాట మొదలయ్యాక సాయిబుగారు నా వైపు వంగి, "ఎన్ని?" అన్నారు మెల్లగా.

"ఆరు తువాన్."

"నాకు ఏడు," అన్నారాయన, గడ్డం సవరించుకుంటూ.

ఆ ఏడో మాట ఏమిటని నేను అడగలేదు. ఇప్పుడు ఆయన వయసు నాకొచ్చింది. ఏ భాష పేపరు చేతికొచ్చినా ముందు లోపలి పేజీ తెరుచుకుంటుందో లేదో చూసుకుంటాను. అప్పుడు ఆ కిటికీ పక్క కుర్చీ గుర్తొస్తుంది, దాని వెనక బల్లలు తుడిచినచోటే తుడుస్తూ అరబ్బీ వచ్చేసిందని మురిసిపోయిన కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుంటే సిగ్గు వెయ్యదు, నవ్వొస్తుంది. ఆ ఏడో మాట ఉండే ఉంటుందని మాత్రం ఇప్పటికీ నమ్మాలనిపిస్తుంది.